అక్క బట్టీకి కాంటాక్టర్

అక్క మట్టి కప్పులు చేస్తుంది. పెరటి గదిలో కరెంటు బట్టీ పెట్టుకుని రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో మూడు టైమర్లు మాడిపోయాయి. మూడోది ఊరికే పోలేదు. లోపలి పాయింట్లు కరిగి అతుక్కుపోవడంతో ఆగాల్సిన బట్టీ ఆగకుండా కాలి, ఒక వాయి కప్పులన్నీ వంకరపోయాయి. అక్క రెండు రోజులు మట్టి ముట్టుకోలేదు.

సంగతి తెలిసి చెల్లెలు ఆదివారం పొద్దున్నే పనిముట్ల సంచీతో దిగింది. ఇళ్లకు వైరింగు చేయడమే ఆమె పని. అక్క ఇంట్లో మాత్రం ఇదే మొదలు.

"వచ్చావా మరదలా! ఇల్లు నిలబడుతుందా మరి?" అన్నాడు బావ గుమ్మంలోనే.

"ఇల్లు నిలబడుతుంది బావా. మీరే కాస్త దూరంగా నిలబడండి."

బట్టీ మీద ఏడు కిలోవాట్లని రాసి ఉంది. అంటే గంటల తరబడి ముప్పై ఆంపియర్లు. టైమరు మోయగలిగేది పదహారు. "పాపం, దాని తప్పేముంది? ఇక టైమరు సైగ మాత్రమే చేస్తుంది, బరువు కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్చి మోస్తుంది" అంది చెల్లెలు.

"అంటే ఈ ఇంట్లో మీ అక్క సైగ చేస్తే నేను మోస్తున్నట్టన్నమాట!"

అక్కాచెల్లెళ్లిద్దరూ కొట్టుకు వెళ్లి ముందు కొత్త టైమరు కొన్నారు. చెల్లెలు హీటర్లకు వాడే నలభై ఆంపియర్ల కాంటాక్టర్ అడిగింది. కొట్టాయన ఇచ్చినదాన్ని తిప్పి చూస్తే లోపలి స్విచ్చిని లాగే కాయిల్ ఇరవై నాలుగు వోల్టులదని ఉంది.

"అన్నీ ఒకటేనమ్మా!"

"ఒకటే అయితే అంకెలెందుకు వేశారండీ? ఇంటి కరెంటుకి రెండువందల ముప్పైది ఇవ్వండి."

ఇంటికొచ్చి మెయిన్ ఆపింది. టెస్టరుతో ప్రతి వైరూ చూసుకుంది. ప్యానెల్‌లో కొత్త టైమరూ కాంటాక్టరూ బిగించి, బ్రేకర్ నుంచి వచ్చే రెండు వైర్లూ పైన, బట్టీకి వెళ్లేవి కింద కలిపింది. కాయిల్‌కి ఒకవైపు టైమరు వైరు, రెండోవైపు న్యూట్రల్.

మెయిన్ వేసి టైమరు తిప్పింది. ఉలుకూ పలుకూ లేదు.

బావ నోరు తెరిచాడు. అక్క ఒక్క చూపు చూసేసరికి మూసేశాడు. చెల్లెలి చెవులు వేడెక్కాయి. మళ్లీ మెయిన్ ఆపి, టెస్టరు పెట్టి చూసి, ఒక్కో వైరూ లాగింది. న్యూట్రల్ ఊడి చేతిలోకొచ్చింది.

"తప్పు నాదే. రాగిని వదిలేసి పైతొడుగుని బిగించాను" అంది నవ్వేస్తూ.

ఈసారి టైమరు తిప్పగానే టక్‌మంది. బావ ఉలిక్కిపడి గోడకు కరుచుకుపోయాడు. "ఇంకోసారి వెయ్యవే!" అంటూ అక్క చప్పట్లు కొట్టింది. నాలుగుసార్లు టక్‌మనిపించాక గానీ ఆమె కప్పులు పేర్చడానికి వెళ్లలేదు.

మర్నాడు మధ్యాహ్నం బట్టీ చల్లారింది. అక్క ఫోన్ చేస్తే చెల్లెలు వేరే ఇంట్లో గోడ తొలుస్తున్నదల్లా తలనిండా సున్నంతోనే పరుగెత్తుకొచ్చింది. మూత తెరిచారు. కప్పులన్నీ నిటారుగా, వాన వెలిసిన ఆకాశంలా నీలంగా మెరుస్తున్నాయి. అక్క గోటితో మీటితే ఖంగుమన్నాయి.

చెల్లెలు ఎన్నో ఇళ్లలో దీపాలు వెలిగించి సంచీ సర్దుకుని వచ్చేసేది. తను ఇచ్చిన కరెంటు ఏం చేసిందో ఆగి చూడటం మాత్రం ఇదే మొదటిసారి.

"నీకు నచ్చింది తీసుకోవే" అంది అక్క.

ఆమె రెండు తీసుకుంది.

"రెండెందుకే?"

"ఒకటి పనికి. ఇంకోటి బావని భరించినందుకు."

బావ పకపకా నవ్వి, మూడోది తనే ఏరి ఆమె చేతిలో పెట్టాడు.