వేకువచుక్కకు తగిలిన దెబ్బ

రష్యావారు పంపిన యంత్రమొకటి శుక్రగ్రహాన్ని ఢీకొన్నదని 1966 మార్చి తొలినాళ్ళలో ఒక సాయంకాలం పంచాయతీ రేడియో చెప్పింది. విడవలూరుకు తూర్పున, ఇసుకదిబ్బల చాటునున్న ఆ జాలరుల పాలెంలో శుక్రుడెవరో చాలామందికి తెలియదు. క్రీస్తు గుడిలో ప్రార్థనకు కూడిన స్త్రీలకు ఉపదేశి సమాధానంగారే వివరించారు: "శుక్రుడంటే మన వేకువచుక్కేనమ్మా!"

చెప్పిన పిదపే ఆయనకు తట్టింది. అది లేఖనంలో సాక్షాత్తు ప్రభువుకున్న పేరు. దానిని మనుష్యుడు ఇనుముతో కొట్టాడు.

రాత్రి గాలాలు వేసే తెప్పలకు ఆ చుక్కే దిక్కు. అది తూర్పున కడలిమీద పొడవగానే, జాలరులు దాన్ని వీపువెనుక పెట్టుకొని ఒడ్డుకు మళ్ళేవారు. మరునాటి వేకువన చుక్క కనబడలేదు. నీటినీ నింగినీ ఒకే తెల్లదనం మింగివేసింది. ఆ రాత్రి సముద్రంమీద ఉన్నది క్రీస్తుదాసు ఒక్కడే. అతని భార్య ఎస్తేరమ్మ గుడి ముంగిటికి పరుగున వచ్చింది.

"చుక్కను పగలగొట్టినారయ్యగారూ! ఇంక ఆయన దేన్ని చూసుకొని వస్తాడు?"

"మంచు కమ్మిందమ్మా, అంతే."

"మంచయితే మీరెందుకు వణకతా ఉండారు?"

ఆమె గుడిగంటవైపు చెయ్యి చూపింది.

"కొట్టండి. విని వస్తాడు."

ఆదివారం కాని దినాన ఆ గంట మోగిందంటే ఎవరో కన్నుమూశారని అర్థం. బ్రతికున్నవానికోసం మోగిస్తే మృత్యువును పిలిచినట్లేనని పాలెం నమ్మకం. అది తప్పని ఎన్నోమార్లు బోధించిన సమాధానంగారికి ఇప్పుడు తాడు తాకడానికి చెయ్యి రాలేదు.

"నిన్ను విధవరాలివని నేనే చాటినట్లవుతుంది తల్లీ."

"అయితే నాకియ్యండి ఆ తాడు."

ఆమె చేత ఆ పని చేయించలేక ఆయనే లాగారు. గంట మ్రోగింది. గుడిసెలన్నీ ఏడుస్తూ బయటికి వచ్చాయి.

"పోయిందెవురో చెప్పకుండా కొడతా ఉంటే, ఎవురి పేరు పెట్టి ఏడ్చేదయ్యా?" అని ముసలి మగ్దలీనమ్మ కసిరింది.

ఆయన ఆపలేదు. ప్రతి మ్రోతా ఒక శవపేటికకు దిగుతున్న మేకులా ఆయన చెవులకు వినిపించింది. ఎస్తేరమ్మ మోకాలిలోతు నీటిలో నిలిచి, ఆ తెల్లదనంలోకి భర్త పేరు కేకవేస్తూనే ఉన్నది.

చాలాసేపటికి తెప్ప ఇసుకను ఒరసిన చప్పుడయింది. క్రీస్తుదాసు తెడ్డు పారవేసి గుడివైపు పరుగెత్తబోయి, ఎదుట భార్యను చూచి నిలువునా నీళ్ళలో కూలబడ్డాడు.

"దిక్కు తెలియక లంగరేసి కూర్చోనుంటి," అన్నాడు రొప్పుతూ. "గంట మోగె. పోయింది నువ్వే అనుకున్నానే, ఎస్తేరూ."