తడపని గుడ్డ

ఆ ఇంట్లో మామగారు దర్జీ. నలభై ఏళ్ళు మిషను తొక్కాడు. పనిలో తప్పు చేశావని ఆయన్ని అన్నవాళ్ళు లేరు. పోయిన భార్య అనుకునేది, కానీ లోలోపలే.

ఆ మాట మొదట పైకి అన్నది టీవీ.

అది ప్రశ్నలడిగే టీవీ. కోడలు దాని ముందు కూర్చుని కుట్టుపని నేర్చుకుంటోంది. పాఠం మధ్యలో ప్రశ్న వస్తే రిమోటు మీద రంగు మీట నొక్కాలి. ఒప్పయితే పై పాఠం, తప్పు మీద తప్పు చేస్తే కింది పాఠం. మర్నాడు పొద్దున అందులోనే ఆఖరి పరీక్ష. గట్టెక్కితే బట్టల ఫ్యాక్టరీలో ఉద్యోగం. మామగారి దగ్గరే నేర్చుకోవచ్చుగా అంటారేమో. రెండు రోజులు నేర్చుకుంది. మూడో రోజు టీవీ కొంది.

ఆమె బజారుకెళ్ళింది. టీవీ మాత్రం వాగుతూనే ఉంది.

"కొత్త నూలుగుడ్డ తెచ్చారు. ముందు ఏం చేస్తారు?"

"తడిపి ఆరేస్తా," అంటూ మామగారు పసుపు మీట నొక్కాడు.

"తప్పు. ఇస్త్రీ చేయాలి. ఆకుపచ్చ మీట. మళ్ళీ ప్రయత్నించండి."

"ఉతగ్గానే చొక్కా బెత్తెడు ముడుచుకుపోతే నువ్వు తొడుక్కుంటావా? తాతకు దగ్గులు నేర్పుతున్నావా?"

మళ్ళీ పసుపే. మళ్ళీ తప్పే. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. పదిహేడుసార్లు నొక్కాడు. పన్నెండో పాఠం, వైకుంఠపాళిలో పెద్దపాము మింగినట్టు, జారిజారి అడుక్కి చేరింది.

కోడలు వచ్చేసరికి తెర మీద పెద్ద పెద్ద అక్షరాలు: 'ఒకటో పాఠం. సూదిలో దారం ఎక్కిద్దాం!'

"మామయ్యా! ఏం చేశారు?"

"దానికి పని నేర్పుతున్నా."

"నేర్చుకుందా?"

"ఉత్త మొండిది."

"మీకు సరిజోడే. పన్నెండో పాఠానికి ఎక్కకపోతే రేపు నన్ను పరీక్షకే రానివ్వదు."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయన పని తేలికయ్యేది. కూరల సంచి ఒళ్ళో పెట్టుకుని, తెర మీది సూది వంకే చూస్తూ కూర్చుంది.

ఆయన రిమోటు తీసుకున్నాడు. దారం ఎక్కించాడు, గుండీ కుట్టాడు, కాజా తీశాడు, చొక్కాకి మెడ తిప్పాడు. అన్నీ మీటల మీదే. గంటన్నరకి పన్నెండో పాఠం వచ్చింది.

"కొత్త నూలుగుడ్డ తెచ్చారు. ముందు ఏం చేస్తారు?"

బొటనవేలు పసుపు మీదికి పోయింది.

"మామయ్యా," అంది కోడలు.

ఆయన కళ్ళు మూసుకుని ఆకుపచ్చ నొక్కాడు.

"శభాష్! చక్కగా నేర్చుకున్నారు!" టీవీ చప్పట్లు కొట్టింది.

"మిమ్మల్ని మెచ్చుకుంటోంది."

"సిగ్గులేనిది." రిమోటు ఆమె చేతిలో పెట్టాడు. "రేపు అది ఏది ఒప్పంటే అదే నొక్కు. ఉద్యోగంలో చేరాక మాత్రం గుడ్డ తడుపు."

"అక్కడివాళ్ళు వద్దంటే?"

"వాళ్ళు భోజనానికి పోయినప్పుడు తడుపు."