నానబెట్టిన సీసాలు

బల్ల మీదికొచ్చే వస్తువుకి ధర చీటీ అంటుకుని ఉంటే అత్తయ్యకు ప్రాణం పోయినంత పని. అందుకే చిన్నకోడలు పొద్దున్నే రెండు వైన్ సీసాలనూ వేడినీళ్ల బకెట్లో నిలబెట్టి, ఉల్లిపాయలు తరగడంలో పడిపోయింది. గంటాగి చూస్తే ధర చీటీలతో పాటు పేర్లున్న కాగితాలు కూడా ఊడి, గుజ్జుగుజ్జుగా తేలుతున్నాయి.

ఒకటి మామయ్యగారి పదవీ విరమణ విందుకు కొన్న ఖరీదైన వైను. రెండోది మాంసం ఉడికేటప్పుడు పోయడానికి తెచ్చిన చవకరకం. రెండూ ఎర్రవే. సీసాలు కవల పిల్లల్లా ఉన్నాయి.

ఇన్నేళ్లూ విందుల కొనుగోళ్లన్నీ పెద్దకోడలివే. ఆవిడ ఊళ్లో లేక ఈసారి చిన్నదాని వంతొచ్చింది. "నీవల్ల అవుతుందా?" అని అత్తయ్య మూడుసార్లు అడిగింది కూడా. ఇది కాస్తా తప్పిందంటే ఇక ఏ పెత్తనమూ తన చేతికి రాదు.

వైన్ కొన్న దుకాణం ఆవిడకి ఫోన్ చేసింది.

"నానబెట్టారా? శనగలనుకున్నారా అమ్మా?" ఆవిడ పకపకా నవ్వింది. "సరే, తెల్లగుడ్డ ముందు గ్లాసు వంచి రంగు చూడండి. వాసన చూడండి. ఒక్క గుక్క తాగండి. మంచిదైతే మింగాక కూడా నోట్లో నిలుస్తుంది."

"నోట్లో నిలుస్తుందా?" అంది చిన్నకోడలు.

"ఏం నిలుస్తుంది?"

అడిగింది వెనకే నిలబడ్డ అత్తయ్య. దాచి లాభం లేదు, చెప్పేసింది. తిట్లు పడతాయనుకుంటే అత్తయ్య కొంగు నడుముకి దోపింది.

"పక్కగదిలో పాలు విరగబోతుంటే ఇక్కణ్ణుంచే పసిగట్టే ముక్కు నాది. తియ్యి మూతలు."

మొదటి గ్లాసు వాసన చూసి మొహం చిట్లించింది. "మీ మామయ్య పాత తోలుసంచీలా ఉంది." రెండోది చూసి కళ్లు మెరిపించింది. "ఇదే! పళ్లరసంలా లేదూ? మొదటిది కూరలో పొయ్యి."

చిన్నకోడలు రెండూ ఒక్కో గుక్క తాగి చూసింది. "మొదటిదే నోట్లో నిలుస్తోంది అత్తయ్యా..."

"కాకరకాయ కూడా నిలుస్తుంది. పొయ్యి!"

పోసింది.

మధ్యాహ్నం మామయ్యగారి పాత ఆఫీసరు వచ్చాడు. వైన్ సంగతులు తెలిసిన మనిషి. మర్యాద ప్రకారం ముందు మామయ్య గ్లాసులో ఒక గుక్క పోసి, ఆయన తలూపాక చిన్నకోడలు అతిథి గ్లాసు మూడోవంతు నింపింది. ఆయన తాగి "బాగుంది" అన్నాడు, నిన్నటి వార్త విన్నట్టు.

తర్వాత కూర నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మూడోసారి కూడా వడ్డించమన్నాడు.

చిన్నకోడలు వంటగదిలోకి వచ్చేసరికి ఫోన్ మోగింది. దుకాణం ఆవిడ. "చెప్పడం మర్చిపోయానమ్మా, బెండు మూత మీద పేరుంటుంది!"

పొయ్యి పక్కన పడున్న, కూరలో పోసిన సీసా మూత తీసి చూసింది. దుకాణంలో నోరు తిరక్క ఐదుసార్లు పలికిన ఖరీదైన వైను పేరే, నల్లటి అక్షరాల్లో. భుజం మీదుగా అత్తయ్య కూడా చదివింది.

"ఈ కూర ఎవరు చేశారండీ?" అని ముందుగదిలోంచి ఆఫీసరు కేకేశాడు.

అత్తయ్య మూతను లాక్కుని ఏప్రన్ జేబులో పడేసింది. "మా చిన్నకోడలండీ! వైన్ కొన్నదీ తనే!" అని గొంతెత్తి, ఆపైన గొంతు తగ్గించింది. "వచ్చేసారీ నువ్వే కొను. నానబెట్టకు, అంతే."

"మరి రుచి చూడటం అత్తయ్యా?"

అత్తయ్య వినపడనట్టు కూరగిన్నె పట్టుకుని ముందుగదిలోకి నడిచింది.