మేకు కింద చెక్క

సుత్తి అయితే ఒక్క దెబ్బతో అయిపోతుంది, వాడికి అంత సులువుగా పోకూడదు, అందుకే పట్టకారు, తలగడ కింద చల్లగా తగులుతున్న ఈ పట్టకారు, ముప్పై ఏళ్లుగా మేకులు పీకి పీకి నోరు అరిగింది, అయినా పట్టు పోలేదు, ఇవాళ ఆ పళ్ల డాక్టరు వచ్చి మంచం పక్కన నిలబడగానే మెడ వంచి, దవడ తెరిచి, కింది వరసలో రెండు, తనకి పీకిన ఆ రెండే, మత్తు సూది లేకుండా, పంటి వేళ్లు తెగే చప్పుడు వాడి చెవికే వినబడేలా, అనుకుంటూ వడ్రంగి పిడికిలి బిగించాడు, బిగించగానే చేతిలో సూది కలుక్కుమంది, గొట్టంలో ఎర్రమందు చుక్కచుక్కగా దిగుతోంది, చెయ్యి కదపకండి, మందు నరం దాటితే కండ కాలిపోతుంది అంది నర్సు, కాలిపోనీ, ఇంకా కాలడానికి ఏం మిగిలింది, డాక్టరు గారు పదకొండింటికి వస్తానన్నారు, కాస్త మంచిగా మాట్లాడు నాన్నా, అంటోంది పక్కన చెక్క కుర్చీలో కూతురు, అసలు వాణ్ని ఎవరు రమ్మన్నారు అన్నాడు, నేనే అంది, రోజూ ఫోన్ చేసి నాన్న అన్నం తింటున్నారా అని అడిగే మనిషికి ఎన్నాళ్లని అబద్ధం చెప్పను, అడుగుతాడు, అడక్కేం చేస్తాడు, చేసింది గుర్తొచ్చి నిద్ర పట్టదుగా.

పీకిన చోట గుంత పూడలేదు, మూడు వారాలకి అందులోంచి ఎర్రటి కండ పుట్టగొడుగులా లేచింది, అప్పుడు ఆ డాక్టరే ముక్క కోసి పరీక్షకి పంపాడు, వట్టి వాపేనని రిపోర్టు వచ్చింది, వచ్చినా వాడు నమ్మలేదు, మళ్లీ కోశాడు, ఈసారి ఎముక దాకా, తను కుర్చీ చేతులు పట్టుకుని వాడి ఏడు తరాలనీ తిడుతుండగా, అక్కడ బయటపడింది లింఫోమా, మామూలుగా మెడ దగ్గర గ్రంథుల్లో పుట్టే క్యాన్సరట, తనకి దవడ ఎముకలో పుట్టింది, దవడ కొయ్యక్కర్లేదు, ఆరు విడతల మందు, ఆ తర్వాత అవసరమైతే రేడియేషన్ కరెంటు పెట్టడం, నయమయ్యే జాతే అంది పెద్ద డాక్టరమ్మ, ఇది నాలుగో విడత, గడ్డ సగానికి దిగింది, తల మీద ఒక్క వెంట్రుక లేదు, చిత్రిక బాగా పట్టారు నాన్నా, ఇక పాలిష్ కొట్టడమే అని కూతురు నిమిరితే నవ్వొచ్చింది, నవ్వితే పళ్లు లేని సందులోకి గాలి దూరింది, నవ్వు అక్కడే చచ్చిపోయి మళ్లీ పట్టకారు, మళ్లీ వాడి దవడ.

అబ్బా, అంది కూతురు, కుర్చీ చేతిలో పైకి లేచిన మేకుకి చున్నీ పట్టుకుని చిరిగింది, ఊగుతోంది నాన్నా, లాగితే వచ్చేలా ఉంది, పీకిపారేస్తావా, అని అడిగింది, మేకు పీకితే ఏమొస్తుందే, మేకుకేం జబ్బు లేదు, అది ఊగుతోందంటే కింద చెక్క పోయిందని, ముందు చెక్క చూడాలి, అన్నాడు అలవాటుగా, పనిలో చేరిన ప్రతివాడికీ నెత్తిన మొట్టి మరీ చెప్పిన మాట, అనేసి నాలికతో పళ్లు లేని సందుని తడుముకున్నాడు.

పళ్లు పీకిన ఆ రోజు డాక్టరు చిన్న అద్దం కాడతో ఆ రెండు పళ్లనీ తట్టి చెవి ఒగ్గి విన్నాడు, పళ్లు బాగానే ఉన్నాయండీ, ఎందుకు కదులుతున్నాయో ఎముక ఫోటో తీసి చూద్దాం అన్నాడు, పెదవేమైనా మొద్దుబారిందా అని కూడా అడిగాడు, నెల రోజులుగా గడ్డం మీద టీ కారినా తెలియని తను లేదన్నాడు, లేదని ఊరుకోకుండా బల్ల గుద్ది, నువ్వు పీకుతావా, ఇంటికెళ్లి నా పట్టకారుతో నేనే పీక్కోనా అన్నాడు, అన్నంత పనీ చేస్తాడనే కదా ఆయన పీకింది.

తలుపు దగ్గర డాక్టరు నిలబడ్డాడు, చెప్పులు బయట విడిచి, లోపలికి రావాలో వద్దో తెలియనట్టు, కూతురు లేచి కుర్చీ జరిపింది, తలగడ కింది వడ్రంగి చెయ్యి బయటికొచ్చింది, ఉత్త చెయ్యి, వేలి ముడితో కుర్చీ చేతిని తట్టింది, డొల్లగా మోగింది, అందులో కూర్చోకండి డాక్టరు గారూ, లోపల చెదపట్టింది, ఇలా నా మంచం మీద కూర్చోండి, అన్నాడు, ముప్పై ఏళ్లు చెక్క చప్పుడు విని బతికిన తను, తన ఎముక చప్పుడు వినబోయిన ఒక్క మనిషినీ విననివ్వలేదు.