కారణం అనే గడిలో

అక్టోబరు మొదటి మంగళవారం పొద్దున, మా కోల్‌ఫోర్క్ టవర్ కింది అంతస్తులో ఆఫీసు కిటికీ ముందు, పదకొండు మంది చూస్తుండగా ఒక మనిషికి అందే వైద్యాన్ని నేరంగా మార్చేశారు. ఆ పదకొండు మందిలో నేనూ ఉన్నాను. ఇరవై ఆరేళ్లు ఆసుపత్రి బట్టలుతికే విభాగంలో యూనియన్ నడిపినదాన్ని, ఆ పూట నోరు మూసుకుని నిలబడ్డాను. పనికెళ్లే మీకూ, చదువుకునే మీకూ ఈ కథ చెప్పేముందు నన్ను నేను తిట్టుకోవాలి.

ఆ మనిషి హోబర్ట్ లైవ్లీ. అయిదో అంతస్తు, 5-సి. ముప్పై ఒక్కేళ్లు బొగ్గు గనిలో పనిచేశాడు. ఒకరోజు గని కప్పు కూలింది. వెన్నులో రెండు ఇనుప కడ్డీలతో ఆసుపత్రి నుంచి బయటికొచ్చాడు. ఆరోజు అతనికి కావలసింది ఒకే ఒక్క కాగితం: హోబర్ట్ లైవ్లీ అనే అతను ఈ భవనంలో ఉంటున్నాడని ఆఫీసు ఇచ్చే ఉత్తరం. దానికోసం ఒక చీటీ నింపాలి. పేరు, ఇంటి నంబరు, కారణం. కారణం అనే గడిలో హోబర్ట్ బడిపిల్లాడిలా గుండ్రంగా రాశాడు: గంజాయి కార్డు రెన్యూవల్.

కిటికీ వెనక మేనేజరు మిస్ టాకెట్ ఆ మాటను అందరికీ వినపడేలా చదివింది.

"ఇదేంటి మిస్టర్ లైవ్లీ?"

"కార్డండీ. నడుముకి డాక్టరు రాసిచ్చాడు. ఈ నెల ఇరవై తొమ్మిదితో గడువు అయిపోతోంది."

ఈ భవనం కేంద్రం సొమ్ముతో నడుస్తోందని, కేంద్రం దృష్టిలో అది మత్తుమందేనని, దానికి తను కాగితం ఇవ్వలేనని ఆమె చెప్పింది. నా చేతుల్లో ఏమీ లేదు అని కూడా అంది. చీటీ మాత్రం తిరిగివ్వలేదు. ఫైల్లో పెట్టుకుంది. రెండు రోజులకు హోబర్ట్ తలుపు మీద నోటీసు అతికించి ఉంది. ఒప్పందం ఉల్లంఘించారు, పది రోజుల్లో సంజాయిషీ ఇవ్వండి, లేదా ఖాళీ చేయండి.

నాకు కోపం వస్తే ఎదురుగా ఎవరుంటే వాళ్ల మీద పడుతుంది. లిఫ్టులో హోబర్ట్ మీద పడింది. లైబ్రరీ కార్డు కోసం అని రాసి ఏడవలేకపోయావా అన్నాను.

"ఆ లైబ్రరీ మూసేసి ఆరేళ్లయింది, ఒనీడా" అన్నాడు.

ఆ మనిషికి అబద్ధం చేతకాదు. అదే అతని కొంప ముంచింది.

అసలు ఇరకాటం ఇదీ. మా రాష్ట్రంలో డాక్టరు రాసిస్తే గంజాయిని మందుగా కొనుక్కోవచ్చు, కానీ రాష్ట్రం ఇచ్చే కార్డు ఉండాలి. కార్డు పొడిగించమని హోబర్ట్ పెట్టుకున్న దరఖాస్తును రాష్ట్రం తిప్పి పంపింది. గుర్తింపు కార్డు మీద లోయలోని పాత ఇంటి చిరునామా ఉంది, మీరు అక్కడ లేరు, ఇప్పుడెక్కడున్నారో రుజువు చూపండి అంది. ఆ పాత ఇంటిని బొగ్గు కంపెనీయే కొని నేలమట్టం చేసింది. టవర్లో కరెంటు బిల్లు ఎవరి పేరునా రాదు, పాత అద్దె ఒప్పందం చెల్లదన్నారు. కాబట్టి రుజువు ఇవ్వగలిగేది ఒక్క ఆఫీసే. ఇవ్వమని అడిగితే ఖాళీ చేయిస్తుంది. రాష్ట్రం మందు అంటుంది, కేంద్రం నేరం అంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో కర్ర పట్టుకుని హోబర్ట్.

కార్డు లేకపోతే ఏమవుతుందో మాకు తెలుసు. మందు అమ్మే దుకాణం గుమ్మంలో కాపలా మనిషి కార్డును యంత్రంలో గీస్తాడు. గడువు ఉంటే తలుపు తెరుచుకుంటుంది, లేకపోతే లేదు. హోబర్ట్ పొగ తాగేవాడు కాదు. చిన్న సీసాలోంచి గంజాయి నూనె నాలుక కింద నాలుగు చుక్కలు వేసుకునేవాడు, గిలగిల్లాడే కాళ్లు కాసేపు నెమ్మదించేవి. దానికి ముందు తొమ్మిదేళ్లు నొప్పి మాత్రలు మింగాడు. మా కొండల్లో ఆ మాత్రలు ఎంతమందిని మింగాయో ఏ శ్మశానానికి వెళ్లి పేర్లు చదివినా తెలుస్తుంది. అతను పాక్కుంటూ బయటపడ్డాడు. మళ్లీ వాటి దగ్గరికి పోతే ఈసారి తిరిగి రానని నాతో అన్నాడు, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా.

ఆదివారం కిందనున్న బట్టలుతికే గదిలో సమావేశం పెట్టాను. మా మాటలు పైకి వినపడకుండా మూడు యంత్రాలు ఖాళీగా తిప్పాం. ముప్పై మంది దాకా వచ్చారు. పట్టుకుని నడిచే చట్రాలతో, ఆక్సిజన్ గొట్టాలతో, ఒళ్లో బట్టల బుట్టలతో. మాలో సగం మంది గనుల నుంచి వచ్చినవాళ్లు, మిగతా సగం గనివాళ్లకు వండి, ఉతికి, పాతిపెట్టినవాళ్లు.

మొదట లేచింది లెస్టర్ ప్రూయిట్. స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. కొడుకు వేడ్ ఆ నొప్పి మాత్రల వల్లే పోయాడు.

"మత్తు ఏదైనా మత్తే. ఆయన చుక్కల కోసం నేను రోడ్డున పడాలా? నా కొడుకు కూడా డాక్టరు రాసిచ్చిందే మింగాడు."

హోబర్ట్ కుర్చీలోంచే చెప్పాడు.

"మీవాడూ నేనూ ఒకే డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లం లెస్టర్. ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం. నేను వాడికంటే గట్టివాణ్నేం కాదు. నాకు ఈ చుక్కలు దొరికాయి, వాడికి దొరకలేదు. అంతే తేడా."

లెస్టర్ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. అతని వెనక మరో అయిదుగురు వెళ్లారు.

ఉన్నవాళ్లకు నేను అద్దె ఒప్పందం చదివి వినిపించాను. రెండు రాత్రులు భూతద్దం పెట్టుకుని చదివాను దాన్ని. పదిహేడో పేజీలో ఉంది: ఇలాంటి సందర్భంలో ఖాళీ చేయించవచ్చు. చేయించాలి అని లేదు. చేయించవచ్చు అని ఉంది. అంటే వదిలేయనూవచ్చు. నా చేతుల్లో ఏమీ లేదన్న మనిషి చేతిలోనే మొత్తం ఉంది. పెద్దవాళ్లు మన బతుకులు నలిపేటప్పుడు ఆ నేరాన్ని ఎప్పుడూ ఒక పుస్తకం మీదికి తోస్తారు. ఆ పుస్తకం తెరిచి చదివేవాళ్లు ఉండరని వాళ్ల ధైర్యం.

దారి చూపింది మాత్రం సిస్టర్ అర్డెలియా. ఎనభై నాలుగేళ్లు, చర్చిలో ముందు వరుస, కాఫీ కూడా ముట్టని మనిషి.

"అందరం ఉత్తరం అడుగుదాం. అందరం ఆ గడిలో అదే మాట రాద్దాం. ఏ కోడి గింజ తిన్నదో నక్కకి మనమెందుకు చెప్పాలి?"

"మీకు కార్డెందుకు సిస్టర్?" అన్నారెవరో.

"నాకూ మోకాళ్లున్నాయి" అంది.

శుక్రవారం పొద్దున, సమావేశానికి రానివాళ్లతో కలిపి నలభై ఒక్క మంది లైను కట్టాం. లైను లిఫ్టు దాటి, పోస్టు పెట్టెలు దాటి, బయటి మెట్ల దాకా వెళ్లింది. ఒక్కొక్కరం చీటీ నింపి కిటికీలోంచి లోపలికి తోశాం. మిస్ టాకెట్ మొదటి అయిదు చీటీలు చదివింది, ఆ తర్వాత చదవడం మానేసింది. అర్డెలియా వంతు వచ్చినప్పుడు, సిస్టర్, మీకు నిజంగా కార్డుందా అని అడిగింది. ఇంకా లేదమ్మా, నువ్వు ఉత్తరమిస్తే తెచ్చుకుంటానని అర్డెలియా జవాబిచ్చింది. లైనంతా నవ్వింది. ఆ టవర్లో అంతమంది కలిసి నవ్వగా నేనెప్పుడూ వినలేదు. మనం గెలుస్తామని ఆ పూట నమ్మాను. నమ్మినందుకు సిగ్గుపడను.

సోమవారానికి దెబ్బ తగిలింది. కిటికీ మీద కాగితం అతికించారు: ఉత్తరాలు ముప్పై పనిదినాల్లో పోస్టులో వస్తాయి. ముప్పై పనిదినాలంటే హోబర్ట్ గడువు దాటి నెల. నలభై ఒక్క తలుపుల మీదా నోటీసులు. వాటి కింద ఇంకో చిన్న కాగితం: కారణం తప్పుగా రాశానని సంతకం చేసినవారి మీద చర్య ఉండదు.

అదీ వాళ్ల తెలివి. కొట్టడానికి ఒక చెయ్యి, దువ్వడానికి ఇంకొకటి.

ఆ వారంలో ముప్పై రెండు మంది సంతకం చేశారు. నేను వాళ్లను తిట్టలేను. ఊపిరి గొట్టంలోంచి తీసుకునే మనిషి మంచులో ఎక్కడికి పోతాడు? పైగా వాళ్ల తలుపులు తట్టి సంతకం చేయమని చెప్పింది హోబర్టే. కర్ర పట్టుకుని ఏడు అంతస్తులూ తిరిగాడు. నా కోసం ఎవరూ చలిలో పడొద్దని ఒక్కొక్కరికీ చెప్పాడు. నా తలుపూ తట్టాడు. నేను తియ్యలేదు.

తొమ్మిది మందిమి మిగిలాం. మా అందరి విచారణా డిసెంబరులో పెట్టారు.

అక్టోబరు ముప్పైన హోబర్ట్‌ను నా కారులో దుకాణానికి తీసుకెళ్లాను. గడువు నిన్ననే పోయింది కదా అంటే, ఒక్కరోజేగా, చూద్దాం అన్నాడు. కాపలా మనిషి అతన్ని పేరుతో పలకరించి, మనవరాలు ఎలా ఉందని అడిగాడు. కార్డు గీశాడు. మళ్లీ గీశాడు. సారీ హోబర్ట్, అన్నాడు. తలుపు తెరుచుకోలేదు. లోపల అరల్లో ఆ చిన్న సీసాలు నాకు కనపడుతూనే ఉన్నాయి.

నవంబరు మొదటివారంలో అతని కాళ్లు మంచం మీద కొట్టుకునే చప్పుడు కింది ఇంటికి వినపడేది. ఆ ఇల్లు లెస్టర్‌ది. అయిదో తారీకున హోబర్ట్ బస్సెక్కి రోడ్డు పక్క క్లినిక్కుకు వెళ్లాడు. పది నిమిషాల్లో మాత్రలు రాసిచ్చారు. ఉత్తరం అడగలేదు, కారణం అనే గడి లేదు. ఎక్కడ ఉంటావని కూడా ఎవరూ అడగలేదు.

పద్నాలుగో తారీకున చప్పుడు ఆగిపోయిందని లెస్టర్ పైకి వచ్చాడు. తలుపు తట్టి, తట్టి, నన్ను పిలిచాడు. హోబర్ట్ ఇచ్చి ఉంచిన తాళంచెవి నా దగ్గర ఉంది. అంతకంటే దాని గురించి చెప్పను. ఆ మనిషి మర్యాద తెలిసినవాడు, అతన్ని ఆ స్థితిలో మీ ముందు పెట్టను.

నవంబరు చివర్లో, థాంక్స్‌గివింగ్ పండక్కి రెండు రోజుల ముందు ఉత్తరాలు వచ్చాయి. అడిగిన నలభై ఒక్క మందికీ ఒకేసారి వచ్చాయి. ఎవరూ మనసు మార్చుకుని ఇవ్వలేదు, పెద్దాఫీసు యంత్రం వరసగా అచ్చేసి పంపింది. హోబర్ట్ పెట్టెలోనూ ఒకటి ఉంది. పోస్టు పెట్టెల దగ్గర లెస్టర్ దాన్ని నా చేతిలోంచి తీసుకుని పైకి చదివాడు.

"హోబర్ట్ ఇ. లైవ్లీ అనే వ్యక్తి ప్రస్తుతం 5-సి లో నివసిస్తున్నారని ధ్రువీకరిస్తున్నాం."

ప్రస్తుతం అన్న మాట దగ్గరికి వెనక్కి వచ్చి మళ్లీ చదివాడు. అక్కడున్నవాళ్లలో సంతకం చేసినవాళ్లే ఎక్కువ. ఎవరూ ఎవరి మొహాలూ చూసుకోలేదు.

మర్నాడు ఎనిమిదింటికి కిటికీ తెరిచేసరికి మొదటి మనిషి లెస్టర్. చీటీ నింపి తోశాడు. మిస్ టాకెట్ చదివింది. కారణం అనే గడిలో హోబర్ట్ లైవ్లీ అని ఉంది.

"ఇది కారణం కాదు మిస్టర్ ప్రూయిట్."

"నా దగ్గర ఇదే ఉంది. రెండోది వేడ్ ప్రూయిట్. గడిలో పట్టలేదు."

అతని వెనక నేను. నా వెనక అర్డెలియా. ఆ వెనక, తప్పు రాశామని సంతకం చేసినవాళ్లు ఒక్కొక్కరే లిఫ్టు దిగి వస్తున్నారు. కొందరు ఇంటి చెప్పులతోనే వచ్చారు. అందరి చీటీల మీదా అదే పేరు. మిస్ టాకెట్ కిటికీ రేకు కిందికి లాగేసింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయని కొందరన్నారు. ఉండొచ్చు. రేకు మాత్రం దించింది.

మేం కదల్లేదు. పోలీసులు ఇద్దరు వచ్చారు. మేం చెప్పుకోదగ్గ బలగం కాదని నాకు తెలుసు. డిసెంబరు విచారణలో ఓడిపోతామనీ తెలుసు. మాలో చాలామందికి ఇంకో చలికాలం చూసే ఓపిక లేదు. పెద్ద పోలీసు ఖాళీ చేయమన్నాడు. ఇక్కడ ఉండే హక్కు మీకు లేదన్నాడు.

అర్డెలియా చేతిసంచీ తెరిచి, మడతపెట్టిన ఉత్తరం తీసి అతనికి ఇచ్చింది.

"మేం ఉండేది ఇక్కడే బాబూ. కావాలంటే చదువుకో. మీవాళ్లు రాసిందే."

లైను పొడవునా ఉత్తరాలు పైకి లేచాయి. అతను అర్డెలియా ఉత్తరం పూర్తిగా చదివాడు, మడతపెట్టి జాగ్రత్తగా తిరిగి ఇచ్చాడు. తర్వాత లెస్టర్ చేతులు వెనక్కి విరిచి సంకెళ్లు వేశాడు. లెస్టర్ బయటికి నడిచాడు. లైను ఒక అడుగు ముందుకు జరిగింది.