కోడలి ఊపిరి మాటలు

టేకులపల్లి అడవి అంచు తండాలో కోడలు మామ ఎదుట నోరు విప్పకూడదు. ముసుగు మొహం మీద ఉండాలి, మాట పెదవి లోపల ఉండాలి. ద్వాలి కాపురానికి వచ్చిన రోజే అత్త లాలి ఈ సంగతి చెప్పి, ఊపిరితో ఎలా నెట్టుకురావాలో నేర్పింది. అవునంటే ఊపిరి చప్పున లోపలికి పీల్చాలి. కాదంటే నాలుకను అంగిట కొట్టి 'చ్' అనాలి. అన్నం వడ్డిస్తే సన్నగా గొంతు సవరించాలి. ఇల్లు మునిగిపోతున్నా పెద్దోళ్ల ముందు నిట్టూర్పు వరకే.

మామ హాతీరాం ఆ మాటలన్నీ ఇట్టే పట్టేశాడు. "మాట్లాడే కోడండ్లున్న ఇండ్లల్ల లొల్లే లొల్లి. మా ఇంట్ల గాలి వీచినట్టుంటది," అని తోటి ముసలోళ్లతో గొప్పలు పోయేవాడు.

"నువ్వు బయటికి పోయినంక విను, గాలి గాదు గాలిదుమారం," అని లాలి ఎత్తిపొడిచేది. ముసుగు కింద ద్వాలి ముక్కుతో నవ్వేది. ఆ నవ్వు కూడా ఆయనకు వినబడేది.

తండాకు కరెంటు రాని రోజులవి. ఇప్పపూలు రాలే కాలం. ద్వాలి మొగుడు లాలు బొగ్గుబావి పనికి కొత్తగూడెం పోయాడు. లాలికి మోకాళ్ల వాపు. అందుకని ఆ పొద్దున మామాకోడళ్లే అడవికి పోయారు. చెట్టు కింద ఆకులు ముందే కాల్చి ఉంచారు గనుక నల్లటి నేల మీద పూలు ముత్యాల్లా పరుచుకుని ఉన్నాయి. హాతీరాంకు ఉబ్బసం. వంగితే చాలు రొమ్ములో పిల్లికూతలు. ద్వాలి కాస్త ఎడంగా, గొడ్డలి పక్కన పెట్టుకుని ఏరుతోంది.

పుట్ట వెనక నుంచి కొత్త ఊపిరి వినిపించింది. ఫూ అని ఊదడం, సర్రున పీల్చడం. మళ్లీ ఫూ. చెదల కోసం మట్టిని ఊదే ఊపిరి అది. ఎలుగుబంటి.

మామ వీపు అటువైపు ఉంది. తన పిల్లికూతల్లో ఆయనకు ఇంకేదీ వినబడదు. 'మామా, ఎలుగు' అని ఒక్క అరుపు అరిస్తే చాలు. ద్వాలి నోరు తెరిచింది. తప్పు పట్టడానికి దగ్గర్లో మనిషి లేడు. అయినా ఇన్నేళ్లు మూసిన గొంతు పెగల్లేదు. 'చ్' అంది. మళ్లీ గట్టిగా 'చ్, చ్' అంది. హాతీరాం పూలు ఏరుతూనే ఉన్నాడు.

ఎలుగు వెనక కాళ్ల మీద లేచి ఒక్క దెబ్బ వేసింది. మామ చెంప తోలు దవడ దాకా చినిగి వేలాడింది. ఆయన అరవలేదు. అరవడానికి నోరు మిగల్లేదు. అది ఆయన మీదెక్కి, నెత్తి కరవబోతూ బుసకొట్టింది.

కట్టెలు కొట్టేటప్పుడు, దెబ్బ పడే క్షణాన నోటి నుంచి దానంతటదే వచ్చే 'హుఁ' ఒకటుంది. ద్వాలి గొడ్డలి ఎత్తగానే అదే వచ్చింది. హుఁ. మెడ మీద పడింది, వెంట్రుకలే తెగాయి. హుఁ. నడుం మీద ఎముక పగిలిన చప్పుడు. ఎలుగు తిరిగి ఆమె తొడ చీల్చింది. హుఁ. ఈసారి మూతి మీద. గొడ్డలి ముక్కెముకలో దిగి ఇరుక్కుంది. వెల్లకిలా పడ్డ దాని రొమ్ము మీద కాలుపెట్టి గుంజి, మళ్లీ వేసింది. నెత్తుటితో తడిసిన ముసుగు మొహానికి అంటుకుని ఊపిరాడకపోతే, లాగి పారేసింది. చివరికి ఎలుగు వెనక కాళ్లు ఈడ్చుకుంటూ పొదల్లోకి పోయి, మనిషిలాగే చాలాసేపు మూలిగింది. తర్వాత ఆ మూలుగూ ఆగింది.

అప్పుడు పెగిలింది ద్వాలి గొంతు. ఆ కేకకు దూరపు చెట్ల కింద ఏరుకునేవాళ్లు పరుగెత్తుకొచ్చారు. తండా పెద్ద మంగీలాల్ వచ్చి హాతీరాం పక్కన కూలబడ్డాడు. ముసలాయన గొంతులో గురగుర.

"ఎగశ్వాస పెట్టిండు. అయిపోయిందిరా. నీళ్లు ఇటియ్యుండ్రి, పోయేటోడు దూపతోని పోవద్దు."

పోయే ప్రాణానికి నోట్లో నీళ్లు పోయడం ఆనవాయితీ. పోయకపోతే పాపం. ఎవరో సొరకాయ బుర్ర అందించారు.

ద్వాలి చెవి పెట్టి వింది. ఎగశ్వాస ఆమెకు తెలుసు. కన్నతండ్రి పోయేటప్పుడు పక్కనే కూర్చుంది. అది పైపైనే ఎగిరి, మధ్యలో ఆగి, మళ్లీ ఎగురుతుంది. ఇది అది కాదు. ఈ గురగుర కింద, రోజూ తడిక అవతల నుంచి వినే పిల్లికూతలే వస్తున్నాయి. రొమ్ము ఆడుతోంది, గొంతుకే నెత్తురు అడ్డం. నీళ్లు పోస్తే ఆ నీళ్లే చంపుతాయి.

"పొయ్యకు," అంది.

మంగీలాల్ తలెత్తలేదు. "ముసుగేసుకో పిల్లా. పెద్దోళ్లున్నరు."

"పొయ్యకు కాకా. సచ్చే ఊపిరి గాదది."

"ఊపిర్ల సంగతి నీకేం తెల్సే?"

"నాకు తెల్వకపోతే ఇంకెవలకు తెల్సు? ఆ ఇంట్ల నేను మాట్లాడింది దాంతోనే గద!"

మంగీలాల్ నీళ్ల బుర్రను హాతీరాం నోటి మీదికి వంచాడు. ద్వాలి గొడ్డలి దించింది. బుర్ర రెండు చెక్కలైంది. మంగీలాల్ చిటికెన వేలి కొస కూడా దాంతోపాటే పోయింది. ఆయన చెయ్యి పట్టుకుని గావుకేక పెట్టాడు.

"ఇంకెవరన్న నీళ్లు తెస్తే చెయ్యే పోతది," అంది ద్వాలి.

దీనికి పిచ్చి లేచింది అన్నారెవరో. దగ్గరకు మాత్రం ఎవరూ రాలేదు. కోడలు మామను తాకకూడదు కూడా. అయినా ద్వాలి మామ భుజం పట్టి ఆయన్ను పక్కకు ఒరిగించింది. నెత్తురు గడ్డలు గడ్డలుగా, పళ్లతో సహా నేల మీద పడింది. వేళ్లు పెట్టి గొంతులో మిగిలింది లాగేసింది. ఒక పెద్ద దగ్గు, దాని వెంట ఈలలాంటి ఊపిరి.

"బతికుండు!" అన్నాడు పరుగెత్తుకొచ్చినవాళ్లలో వెనక నిలబడ్డ దూలయ్య. "డోలీ కట్టుండ్రిరా, జల్దీ!"

రోడ్డు దాకా మోసుకుపోయి, దవాఖానా దారిన పోయే వెదురు లారీ ఆపి ఎక్కించారు. తొడకు గుడ్డ కట్టుకుని ద్వాలి, వేలికి గుడ్డ చుట్టుకుని మంగీలాల్ కూడా అదే లారీ ఎక్కారు.

"నా వేలికి పంచాయితీ పెడ్త, చూస్కో," అన్నాడు పళ్లు బిగబట్టి.

"పెట్టు కాకా. మా మామనే వచ్చి నా దిక్కు మాట్లాడ్తడు."

"ఆయనకు నోరేది మాట్లాడ?"

ద్వాలి మామ తల ఒళ్లో పక్కకు తిప్పి పట్టుకుని వంగింది. కాపురానికి వచ్చాక మొదటిసారి ఆయనతో మాట్లాడబోతున్నట్టు, గొంతు సన్నగా సవరించుకుంది.

"మామా. వినబడ్తున్నదా?"

లారీ గుంతలో పడి లేచింది. చినిగిన మొహంలో ఒక కన్ను తెరుచుకుంది. హాతీరాం ఊపిరి చప్పున లోపలికి పీల్చాడు.

"ఏమన్నడు?" అన్నాడు మంగీలాల్.

"అవ్ అన్నడు," అంది ద్వాలి.