నా కొలతల పడవ

మనిషి కయాక్‌లో, అంటే ఒక్కరే తెడ్డేసుకునే పడవలో, కూర్చోగానే నాకు తెలిసిపోతుంది. ముఖం చూడను, మోకాళ్ళు చూస్తాను. అవి పడవ పైకప్పు కిందికి వెళ్ళి లోపలి అంచుకి ఆనాయా, నడుముకి అటొక వేలు ఇటొక వేలు సందుందా, పాదాల కింద పెడల్ తగిలిందా. అంతే. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. పేరు మర్చిపోతాను గానీ ఒకసారి కూర్చోబెట్టిన మనిషి నడుము మర్చిపోను.

షాపు మా తమ్ముడిది. సముద్రం మీద నాలుగు రోజుల ట్రిప్పులు వేస్తాం. ముందుండి నడిపేది నేను. ఈ మాట కిందటేడు దాకా ధైర్యంగా చెప్పేదాన్ని. చలికాలంలో కుడి భుజానికి ఆపరేషన్ అయింది. అప్పట్నుంచి మా వాడు నన్ను ఓరకంట చూడటం మొదలుపెట్టాడు. సీజన్ మొదటి ట్రిప్పుకి ముందు కూర్చోబెట్టి మరీ చెప్పాడు.

"ఈ ఒక్కటీ చూద్దాం అక్కా. అందర్నీ ముందుండి తీసుకొచ్చావనుకో, సీజనంతా నీదే. లేదంటే పొడుగాయన చూసుకుంటాడు, నువ్వు హాయిగా ఒడ్డున ఉందువుగాని."

హాయిగానట! ఒడ్డున నాకు హాయేమిట్రా? ఇంట్లో గోడలు, షాపులో గోడలు. నీళ్ళ మీదికెళ్తేనే నేను మనిషిని. అది పోతే నాకింకేమీ లేదు. ఇది వాడికి తెలియక కాదు.

పొడుగాయనంటే మా రెండో గైడు. మాట తక్కువ, భుజం ఎక్కువ. మంచివాడే, తిట్టడానికి కూడా దొరకడు.

ఆ చలికాలమే మా తమ్ముడు పాత పడవలన్నీ వదిలించుకుని కొత్తవి ఎనిమిది తెప్పించాడు. ఎనిమిదీ ఒకే సైజు, పెద్దది. "ఇందులో ఎవరైనా పడతారు కదక్కా" అన్నాడు. పడతారు, బస్తాలో కూడా ఎవరైనా పడతారు. ఆ మాట అంటే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ గుంపులో చేరనిది నా పడవ ఒక్కటే. సన్నది, పొట్టిది, ఆకుపచ్చది. కాగితాల్లో అదీ షాపుదే. కానీ దాని సీటు, స్పాంజి, పెడల్స్ అన్నీ పన్నెండేళ్ళుగా నా ఒంటికి చెక్కుకున్నవి. కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కా లాంటిది.

ట్రిప్పుకి ముందురోజు షాపులో పడవలన్నీ నేల మీద పరిచి ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి చూశాను. వచ్చినవాళ్ళు ఆరుగురు. ఐదుగురు ఆ బస్తాల్లో ఎలాగోలా కుదురుకున్నారు. ఆరో ఆవిడ పళ్ళ డాక్టరు. నా అంతే ఉంటుంది, ఇంకో రెండు వేళ్ళు తక్కువే. కూర్చుని అటూ ఇటూ ఊగమన్నాను. ఆవిడ ఊగింది, పడవ ఊగలేదు. గిన్నెలో గోలీలా లోపలే దొర్లింది. మోకాళ్ళు అంచుకి జానెడు దూరంలో ఉన్నాయి. తెడ్డు తిప్పమంటే మోచేతులు పడవకే కొట్టుకున్నాయి.

"బాగానే ఉంది కదండీ, కాళ్ళు చాపుకోవచ్చు" అంది సంబరంగా.

తమ్ముణ్ణి వెనక గదిలోకి లాక్కెళ్ళాను.

"స్పాంజి పెట్టక్కా" అన్నాడు, నేను నోరు విప్పకముందే.

"నడుముకి పెడతాను. మరి వెడల్పుకి ఏం పెట్టను? పక్కగాలి తగిలిందంటే అది తిరిగిన వైపే తిరుగుతుంది, ఆవిడ ఆపలేదు. మూడో రోజు మూడు గంటలు నడి సముద్రంలో ఉంటాం. తిరగబడితే?"

"ఇప్పుడేం చెయ్యమంటావ్? రావద్దని చెప్పమంటావా?"

"నాది ఇస్తాను."

"మరి నీకు?"

"నీ బస్తా."

"నువ్వు బంగారం అక్కా" అన్నాడు. అలా అన్నందుకు పొంగిపోయాను కూడా, సిగ్గులేకుండా.

మాకు పని నేర్పిన ముసలాయన ఒక మాట గట్టిగా చెప్పేవాడు. మనిషికి పడవ కుదరలేదన్న సంగతి ఆ మనిషి చెవిన పడకూడదు. అల కంటే ముందు భయమే పడవని తిరగేస్తుంది. మార్చాలనుకుంటే నోరు మూసుకుని మార్చెయ్యి. ఇద్దరం అదే పాటిస్తాం. అందుకే బయటికొచ్చి డాక్టరమ్మతో, "ఈ ఆకుపచ్చది ఖాళీగానే ఉందండీ, ఓసారి కూర్చోండి" అన్నాను. కూర్చుంది. పెడల్స్ ఒక్క గాడి వెనక్కి జరిపాను. ఊగింది. పడవ ఆవిడతో పాటే ఊగింది.

"అబ్బ! నాకోసమే చేసినట్టుంది" అంది.

అవునమ్మా, అన్నాను. లోపల చివుక్కుమంది.

మొదటి రెండు రోజులూ నెట్టుకొచ్చాను. ఆ పెద్ద పడవలో నా బరువుకి అడుగు నీళ్ళలో దిగదు. అందుకని అందరి మంచినీళ్ళ డబ్బాలూ నా పడవలోనే వేసుకున్నాను. బరువుకి కాస్త కుదురుగా కూర్చుంది. ముందు నేను, మధ్యలో వాళ్ళు, చివర పొడుగాయన. సాయంత్రం గుడారాలు వేస్తుంటే డాక్టరమ్మ వచ్చి, "ఇదింత తేలికని తెలిస్తే ఎప్పుడో వచ్చేదాన్ని" అంది. మనిషి మంచిదే. నవ్వితే ఎదుటివాళ్ళ పళ్ళు కూడా చూస్తుంది పాపం, వృత్తి.

మూడో రోజుకి ఏమైంది? నీళ్ళు తాగేశారు. తాగక దాచుకుంటారా! డబ్బాలు ఖాళీ. నా పడవ బెండులా పైకి తేలింది. సరిగ్గా ఆ రోజే నడి సముద్రంలో కుడి పక్కనుంచి గాలి లేచింది. పడవ మూతి గాలి వైపే తిరుగుతుంది. సరిచెయ్యాలంటే కుడి వైపే తెడ్డు వెయ్యాలి, అన్నీ కుడి వైపే. ఒక గంట వేశాను. ఆ భుజంతోనే. రెండో గంటలో చెయ్యి నాది కాదనిపించింది. ముందున్నదాన్ని మధ్యలోకి వచ్చాను, మధ్యలోంచి చివరికి. నా ఆకుపచ్చ పడవ అలల మీద బొమ్మలా ఎక్కి దిగుతూ అందరికంటే ముందు పోతోంది. ఎప్పుడూ నేను పోయే చోట.

పొడుగాయన పక్కకొచ్చాడు. "అక్కా, తాడు వెయ్యనా?"

"పో, ముందుకెళ్ళి వాళ్ళని చూడు."

వెళ్ళాడు. కాసేపటికి తిరిగొచ్చాడు. ఈసారి అడగలేదు, కొక్కెం తగిలించి లాగడం మొదలుపెట్టాడు. తల కొట్టేసినట్టయింది. ఆ తాడు పద్దెనిమిదేళ్ళలో ఎంతమందికి వేశానో లెక్కలేదు. నేను వేయించుకోవడం అదే మొదలు. ఏడ్చాను. ముఖం మీద ఎలాగూ ఉప్పునీళ్ళే కదా, ఎవరూ కనిపెట్టలేదు.

నాలుగో రోజు ఒడ్డుకి చేరేసరికి తమ్ముడు వ్యానుతో వచ్చి ఉన్నాడు. ట్రిప్పు అయ్యాక అందర్నీ ఇసుకలో గుండ్రంగా కూర్చోబెట్టి ఎలా ఉందో అడగడం మాకు అలవాటు. ఒక్కొక్కరూ చెప్పారు. భోజనం బాగుందన్నారు, గుడారంలో చీమలన్నారు. డాక్టరమ్మ వంతు వచ్చింది.

"చాలా బాగుంది. మేడమ్ ఓపికగా నేర్పారు, కాదనను. కానీ ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. నాలాంటి మొదటిసారి వచ్చినదానికే రాని కష్టం మేడమ్‌కి వచ్చింది. నడి సముద్రంలో లీడర్ని తాడేసి లాగుతుంటే మాకందరికీ భయం వేసింది. ఆ పొడుగాయనే లేకపోతే ఏమయ్యేదో!"

చెడ్డగా అనలేదు. తనకి తెలిసిందే చెప్పింది. తెలియకుండా చేసింది నేనే కదా.

నేను తమ్ముడి వంక చూశాను. నేను చెప్పుకుంటే సాకు. వాడు చెప్తే నిజం. ఒక్క మాట చాలు, అది మా అక్క పడవండీ, మీకోసం ఇచ్చింది అంటే చాలు. వాడు వ్యాను బెల్టు బిగిస్తున్నాడు. అప్పటికే బిగించిన బెల్టునే మళ్ళీ బిగిస్తున్నాడు.

"అక్కకి కిందటేడు భుజం ఆపరేషన్ అయిందండీ" అన్నాడు చివరికి.

అయ్యో, అన్నారు అందరూ. డాక్టరమ్మ ఏకంగా లేచొచ్చి నా చెయ్యి పట్టుకుంది. పొడుగాయన ఇసుకలోకి చూస్తూ కూర్చున్నాడు. నేను నవ్వాను. ఛీ, ఎందుకు నవ్వానో నాకే తెలీదు.

మర్నాడు షాపుకెళ్ళేసరికి బోర్డు మీద సీజన్ మొత్తం రాసేసి ఉంది. ప్రతి ట్రిప్పుకీ లీడర్ పొడుగాయన. నా పేరు పక్కన "ఒడ్డు" అని ఉంది.

"ఒరేయ్," అన్నాను, "ఆవిడ నీ బస్తాలో కూర్చునుంటే మూడో రోజు నీళ్ళలో ఉండేది. నీకు తెలుసా తెలీదా?"

"తెలుసక్కా."

"మరి నిన్న నోరు పడిపోయిందా?"

"చెప్తే ఏమవుతుంది? మిగతా ఐదుగురూ మా పడవల సంగతేంటని అడుగుతారు. ఊరంతా చెప్తారు." గొంతు తగ్గించాడు. "వచ్చే ట్రిప్పులో నలుగురు పొట్టివాళ్ళున్నారు. స్పాంజి కొట్టి, పెడల్స్ మార్చి, ఎవరికేది కుదురుతుందో చూడ్డానికి నీలాంటి చెయ్యి ఇంకెవరికుంది చెప్పు? పొడుగాయనకి అదేమీ రాదు. నువ్వు లేకపోతే ఎవరో ఒకరు మునుగుతారు."

"నా పడవ?"

"డాక్టరమ్మ మళ్ళీ వస్తానంది. అదే కావాలంది."

చెంప పగలగొట్టాలనిపించింది. చిన్నప్పుడైతే కొట్టేదాన్నే, అమ్మ దగ్గర తిట్లు తినేదాన్ని. ఇప్పుడు వాడి తల కూడా నెరుస్తోంది. పొమ్మని షాపు తాళాలు వాడి ముఖాన కొట్టి వెళ్ళిపోదామని లేచాను. గుమ్మం దాకా వెళ్ళాను కూడా. ఆ నలుగురు పొట్టివాళ్ళు ఎవరో, ఎలా ఉంటారో. వాళ్ళ మోకాళ్ళు ఎవరు చూస్తారు? నేను చూడకుండా వెళ్ళలేనని వాడికి తెలుసు. తెలిసే ఆ మాట వేశాడు దొంగవెధవ.

ఫోను మోగింది. తీశాడు.

"ఆ, చెప్పండి. భయమెందుకండీ! మా అక్కే స్వయంగా కూర్చోబెడుతుంది. ఆవిడ చెయ్యి పడితే ఇక మీరు నిశ్చింతగా ఉండొచ్చు. ఎత్తెంత? బరువు?"

అటువైపు ఎవరో చెప్తున్నారు. వాడు ఒక్కో అంకెనీ పైకి పలుకుతూ నా వంక చూశాడు, రాసుకోమని.

గుమ్మం దగ్గర్నుంచి తిరిగొచ్చి రాసుకున్నాను.